గచ్చు ఒలిచిన గోడలు

పాత గోవాలో బోం జెసూ బసిలికా ముందు నిలబడ్డవాళ్లు ఆ ఎర్రటి గోడల్ని చూసి ‘ఎంత పురాతనమో!’ అంటుంటారు. చర్చి పాతదే. 1594లో పునాది వేసి 1605లో ప్రతిష్ఠించారు. ఎరుపు మాత్రం నిన్నమొన్నటిది. 1950ల్లో, ఇంకా పోర్చుగీసు పాలన ఉండగానే, గోడలకున్న సున్నపు గచ్చును పనిగట్టుకుని ఊడగొట్టించారు, కట్టడం మరింత ప్రాచీనంగా కనబడాలని. అంతకుముందు మూడున్నర శతాబ్దాలు అది గచ్చు కప్పుకున్న చర్చి. ఎదురుగా ఉన్న సే కెథెడ్రల్ ఇప్పటికీ తెల్లగానే ఉంది.

ఆ గచ్చు సోకు కోసం వేసింది కాదు. ఆ గోడలు కట్టిన లేటరైట్ రాయి తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలితే గట్టిపడుతుంది. కానీ ఒళ్లంతా రంధ్రాలు, నీళ్లు పీల్చేస్తుంది. గోవా వానల సంగతి తెలిసిందే. అందుకే కట్టినవాళ్లు ముఖద్వారం వైపు నగిషీలకు వసై నుంచి నల్లటి బసాల్ట్ తెప్పించుకున్నారు, లేటరైట్‌ను సున్నంతో కప్పారు.

నన్ను ఆలోచనలో పడేసేది ఆ ఊడగొట్టడం వెనకున్న నమ్మకం. శిథిలమైనట్టు కనిపిస్తేనే చరిత్ర అనుకుంటాం. ఏటేటా సున్నం వేసిన గోడ తన వయసు చెప్పదు, ఈ ఏటి పూత కింద నిరుటి పూత దాగిపోతుంది. కాలం చేసిన గాయం కనిపించినట్టు, మనుషులు చేసిన సంరక్షణ కనిపించదు. కనిపించనిదాన్ని చరిత్ర లెక్కలో వేయం.

లోపల చూడండి. మన తెలుగు కతోలికులు శౌరివారని పిలుచుకుని, పిల్లలకు శౌరయ్య, శౌరమ్మ అని పేర్లు పెట్టుకునే ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం అక్కడే ఉంది. 1552లో చైనా తీరంలోని ఒక ద్వీపంలో పోయిన మనిషి. వెండి పేటిక, దాని కింద టస్కనీ పాలకుడు మూడో కోసిమో కానుకగా పంపిన పాలరాతి వేదిక. దాదాపు పదేళ్లకోసారి దర్శనం. ఆ దేహానికి ఇన్ని తొడుగులు వేసి, దాన్ని కాస్తున్న గోడను మాత్రం బట్టలిప్పి వానలో నిలబెట్టాం!

మళ్లీ గచ్చు చేయాలని బసిలికా గురువులు కోరారు. ఎరుపే దాని గుర్తింపు, ముట్టుకోవద్దనేవాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టను, పుట్టినప్పటి నుంచీ చూస్తున్న రంగు మీద ప్రేమ ఉంటుంది. అయినా నా ఓటు సున్నానికే.