అడగని బొమ్మ

అడగకుండా ఒక మనిషి బొమ్మ గీయవచ్చునా? హోసూరు పూల మార్కెట్లో రోజూ పొద్దున్నే అరగంట పెన్సిలు పట్టుకు కూర్చునే నాకు ఈ ప్రశ్న తప్పదు.

అడిగితే పూలు కట్టే అమ్మ చేతులాపి, కొంగు సర్దుకుని బిగుసుకుపోతుంది. నేను గీయాలనుకున్న వేళ్ల ఒడుపు మాయమవుతుంది. అడగకపోతే ఆమెది ఏదో ఎత్తుకుపోయినట్టు. ఫోటోకు క్షణం చాలు. బొమ్మకు పావుగంటైనా ఎదుట కూర్చోవాలి. అంతసేపూ నేనూ ఆమెకు కనబడుతూనే ఉంటాను. అందుకే దాక్కుని గీయను, గీశాక చూపిస్తాను. "నా ముక్కు ఇంత లావా?" అని తెలుగులోనో తమిళంలోనో కన్నడంలోనో నవ్వితే ఆ రోజుకదే పండగ. వద్దంటే కాగితం ఆమెకే ఇచ్చేస్తాను. బొమ్మ బాగా కుదిరిన రోజున అది కష్టమే.

అంతకన్నా కష్టం ఇంకొకటుంది. మద్రాసులో ఉంటూ గీసిన బాపు (1933–2014) బొమ్మలు చూస్తూ పెరిగినవాణ్ణి. చెయ్యి తనంతట తానే ఆ సోగకళ్లు గీసేయబోతుంది. అవి అందమైనవే, కాని ఆమెవి కావు. ఆమె ఒప్పుకున్నా అది ఆమె బొమ్మ కాదు.

అనుమతి ఆమె ఇవ్వవలసింది. సరిగా చూడడం నేను ఆమెకు పడ్డ బాకీ. రోజూ గీయడమంటే ఆ బాకీ కొంచెం కొంచెంగా తీర్చుకోవడమే.