కుండీలోని మొక్కకు మన ఋణము

మంగంపేట ముగ్గురాయికి ప్రసిద్ధి. లోకములోని మిక్కిలి పెద్ద ముగ్గురాయి నిక్షేపములలో నిది యొకటి. ఈ రాయిని పిండిచేసి చమురుబావులు త్రవ్వువారికి పంపుదురు. రాయి నీటికంటె సుమారు నాలుగున్నర రెట్లు బరువైనదే కాని, దాని పొడి మాత్రము గాలిలో తేలివచ్చి గడపలమీదను కిటికీ చువ్వలమీదను వ్రాలుచుండును. ఇట్టి యూరిలోను చదువుకొన్నవారి యిండ్లలో ‘ఎరీకా పామ్’ కుండీలు కనబడుచున్నవి.

కారణ మడిగినచో, “గాలిని శుభ్రము చేయును” అందురు. 1989లో అమెరికాలోని నాసా సంస్థవారు మూసిన పెట్టెలలో మొక్కల నుంచి చేసిన పరీక్ష యీ నమ్మకమునకు బలమిచ్చినది. ఇల్లు మూసిన పెట్టె కాదు. ఇట్టి పరీక్షలను 2019లో మరల లెక్కించి చూచినవారు, ఇంటిలోనికి వచ్చిపోవు గాలి చేయు పని మొక్కలు చేయవలెనన్న చదరపు మీటరునకు కనీసము పది మొక్క లుండవలయునని తేల్చిరి. అదియు రంగులు, జిగురులు మొదలగువానినుండి వెలువడు ఆవిరుల మాట. రాతిపొడి మాట కాదు. ఆ పొడిని మొక్క మనకొరకు తుడువదు. మనమే దాని యాకులను తడిగుడ్డతో తుడువవలసియున్నది.

మఱి ప్రయోజనముకొఱకే నీరు పోయువారు, ఆ ప్రయోజనము లేదని తెలిసిననాడు మానుకొనవచ్చునా?

చెట్లకు నీరు పోయక తాను త్రాగని శకుంతలను మనము మెచ్చుకొందుము. కాని కణ్వాశ్రమపు చెట్లు భూమిలో వేరూనినవి. ఆమె యొకపూట మఱచినను మాలినీతీరపు తేమ వానిని బ్రదికించును. ఆమె పోసినది ప్రేమచేత. కుండీలోని మొక్క సంగతి వేఱు. మన వంకగట్టున నున్న యీతచెట్టు కరవులోను తన వేళ్ళతో తేమను వెదకికొనును. మడగాస్కరు దీవికి చెందిన యీ మొక్కను మనము జానెడు మట్టిలో నాటి, వాన పడని కప్పుక్రింద నుంచితిమి. వెదకికొను శక్తిని తీసికొన్నది మనమే. కావున మనము పోయు నీరు దానము కాదు, బాకీ.

మా తరగతిలో నొక బాలుడు, “మొక్క అడుగలేదు గదా, బాకీ యెట్లగును?” అనెను. మంచి ప్రశ్నయే. ఉయ్యాలలోని శిశువు మాత్రము మనచేత పత్రము వ్రాయించుకొనెనా?

బాకీ తీర్చుటకు తెలివియు కావలెను. పైమట్టి యంగుళము మేర ఆఱినపిదపనే నీరు పోయవలెను. నిత్యము పోసినచో వేళ్ళు క్రుళ్ళును. ఉప్పదనముగల బోరునీటికి ఆకుల కొనలు మాడును. పట్టియుంచిన వాననీరు మేలు. వెలుతురు కావలెను, మిట్టమధ్యాహ్నపు టెండ కూడదు. కొనలు మాడెనని మొవ్వును కత్తిరింపరాదు. ఈ జాతిలో నొక్కొక్క కాండమునకు మొవ్వొక్కటే. అది చచ్చిన ఆ కాండమే చచ్చును.

ఇంతకును బిందె మోయువా రెవరు? కుండీ తెచ్చినది యజమాని, మెచ్చుకొనునది అతిథి, నీరు పోయునది ఇల్లాలో పనిమనిషియో యగుచున్నది. వేసవిలో కుళాయి సరిగా రాని యింట, ఇతరుల నడుముమీద మోపిన ఋణమును యజమాని తీర్చినట్లు నే నొప్పుకొనను. తెచ్చినవాడే పోయవలెను. ఓపిక లేనివాడు కుండీ తేకుండుట మేలు. వంకగట్టున నీతచెట్టు ఉండనే యున్నది, దానిని నఱకకున్న చాలును. సెలవులలో ఇంటికి తాళము వేసి పోవువారు కుండీని పొరుగింటి వసారాలో నీడపట్టున దింపి, ఎన్నాళ్ళకొకసారి నీరు పోయవలయునో చెప్పి మఱి పోవలెను.