అల్పధనుల తీర్థయాత్ర

తీర్థయాత్ర ఎవరికొఱకు విధింపబడినది? ధనవంతునికా, దరిద్రునికా? మహాభారతము అరణ్యపర్వమందు ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానము కలదు. పులస్త్యమహర్షి భీష్మునకు తీర్థమాహాత్మ్యమును వివరించుచు, యజ్ఞములు బహుద్రవ్యసాధ్యములనియు, వానిని రాజులును మహాసంపన్నులును మాత్రమే చేయగలరనియు, ఏమియు లేనివాడు సైతము ఆచరింపగల పుణ్యకర్మ తీర్థాభిగమనమనియు, అది యజ్ఞములకంటె మిన్నయనియు బోధించెను. అనగా తీర్థయాత్ర మొదటినుండియు పేదవాని సొత్తు. సంపన్నులు అందులో తరువాత వచ్చి చేరినవారే.

ఈ మాటను మనస్సున నుంచుకొని నేటి యాత్రికులను చూడవలెను. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కొయ్యూరునుండి తిరుమలకు సుమారు 700 కిలోమీటర్లు. ఆ మన్యమున అనేక గృహస్థుల చేతిలో డబ్బు ఆడుట చింతపండో, జీడిపిక్కలో, కొండచీపుళ్లో సంతకు చేరిన దినములలోనే. అట్టివారు పదిమంది కలిసి ఒక వ్యానును కిరాయికి మాటాడుకొని, బియ్యపు మూట, పప్పు, ఊరగాయ జాడీ, వంటగిన్నెలు, చాపలు, నీళ్ల డబ్బాలు అందులో సర్దుకొని బయలుదేరుదురు. నర్సీపట్నము దాటి, తునివద్ద పెద్దరోడ్డు ఎక్కిన పిమ్మట ఆ వ్యానే వారికి ఇల్లు. అన్నవరమున సత్యదేవుని సేవింతురు, ద్వారకాతిరుమలలో చిన వేంకటేశ్వరుని సేవింతురు. చెట్టునీడన వంట, సీట్లమీదను, సీట్ల నడుమను పడక. తడిబట్టలు కిటికీ చువ్వలకు ఆరుచుండును. లాడ్జి గది, హోటలు భోజనము వారి లెక్కలోనికే రావు.

ఇట్టి యాత్రను చూచి, నిద్రాహారములు సరిగా లేని ఈ తిరుగుడులో భక్తికి తావెక్కడ అని జాలిపడువారు కలరు. శాస్త్రము చూపి ఆక్షేపించువారును కలరు. వాహనముపై పోయినవానికి తీర్థఫలము లేదని మత్స్యపురాణము ప్రయాగమాహాత్మ్యమున చెప్పుచున్నది గదా అందురు. చెప్పుచున్న మాట నిజమే. కాని వాక్యమును పూర్తిగా చదువవలెను. ఐశ్వర్యలోభముచేతనో, మోహముచేతనో వాహనమెక్కి పోయినవానికి అని అచట విశేషణము కలదు. ముసలితల్లిని 700 కిలోమీటర్లు నడిపింపలేక, పదిమందితో వాటా వేసికొని వ్యాను ఎక్కినవానియందు ఐశ్వర్యమెక్కడిది, దానివలన కలుగు లోభమెక్కడిది? నడువవలసినచోట వీరు నడుచుచునే యున్నారు. కొండపైకి 1944లో ఘాట్ రోడ్డు ఏర్పడకముందు యాత్రికులు నడిచియో, డోలీలలోనో ఎక్కెడివారు. రోడ్డు వచ్చి ఇంతకాలమైనను అలిపిరి మెట్లు 3,550యు ఎక్కువారిలో ఇట్టి పేదలు ఎందఱో కలరు.

ప్రతిగ్రహమును మానినవానికే తీర్థఫలమని పులస్త్యుడు మఱియొక నియమము చెప్పెను. తిరుమలలో 1985లో నిత్యాన్నదానము ఆరంభమైనది. ఖర్చు కలిసివచ్చునని అచట భుజించుట ప్రతిగ్రహమగునా? కాదు. స్వామి ఇంటిలో పంక్తిని కూర్చుండి తినునది ప్రసాదము. బిడ్డ తండ్రి ఇంట అన్నము తినుటను ఎవరును దానము పట్టుట అనరు. విస్తరిలో విడిచిపెట్టిన అన్నమునకు మాత్రము జవాబు చెప్పవలసియుండును.

అసలు విచారింపవలసినది వేఱొకటి. చేతిలో డబ్బు తక్కువైనపుడు పొదుపు తప్పదు. ఆ పొదుపు ఎవరిమీద పడుచున్నది? తన నిద్ర, తన రుచి, తన సుఖము తగ్గించుకొన్నవాడు తపస్సు చేసినట్లే. ఒక దినపు కిరాయి మిగులునని డ్రైవరును వరుసగా రెండు రాత్రులు నిద్రలేక నడిపించి, దిగునపుడు బత్తా వద్ద బేరమాడినవాడు పొదుపు చేసినవాడు కాడు. తన కొఱతను ఇంకొకని నెత్తిన పెట్టినవాడు. భారతయుద్ధమున జయద్రథుని వధింపవలసిన నాడు సూర్యాస్తమయమే గడువు. అంతటి తొందరలోను పార్థసారథి గుఱ్ఱములు అలసినవని రథమును నిలిపి, కాడి విప్పి, నీరు త్రాగించి, మాలీసు చేసి మరల పూన్చెను. భగవంతుడు తాను సారథియై చూపిన ఈ ధర్మమును ఆయన దర్శనమునకు పోవువారే మఱచుట వింత. పైగా కునుకుపాటున డ్రైవరు చేయి తప్పినచో వ్యానులోని పదిమందియు పోవుదురు.

కొయ్యూరు నేలకు ఈ సంగతి క్రొత్తగా చెప్పనక్కరలేదు. నూఱేండ్ల క్రిందట గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యమునకు రోడ్డు వేయించుచు, న్యాయమైన కూలి ఇయ్యక గిరిజనులచేత బలవంతముగా పని చేయించెను. రోడ్డు చవుకగా పడినది. ఆ చవుక అంతయు కొండవాని కడుపునుండి తీసినదే. తీర్థములు సేవించి వచ్చిన విరక్తుడైన అల్లూరి సీతారామరాజు వారి పక్షమున నిలిచి 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడితో పితూరీ నారంభించెను. 1924 మే 7న ఈ కొయ్యూరులోనే తుపాకి గుండ్లకు ప్రాణము విడిచెను. ఆ కొండలనుండి దిగివచ్చు వ్యానులో కూర్చున్నవారు డ్రైవరు కూలిని తగ్గింపజూచుట తగునా?

ఇక చోటు సంగతి. తిరుక్కోవలూరున వానరాత్రి పొయ్‌గై యాళ్వారు ఒక ఇఱుకు నడవలో పడుకొనిరి. పూదత్తాళ్వారు వచ్చిరి; ఒకరు పడుకొనగల చోట ఇద్దఱు కూర్చుండిరి. పేయాళ్వారు వచ్చిరి, ముగ్గురును నిలుచుండిరి. అప్పుడు నాలుగవవా డెవడో తమ్ము ఒత్తుచున్నట్లు తోచెను. ఆ ఒత్తినవాడు శ్రీమన్నారాయణుడు. వానిని చూచుటకు వెలిగిన దీపములే మొదటి రెండు తిరువందాదులని సంప్రదాయము.

వ్యాను కదలబోవు వేళ, వాటా ఇచ్చుకొనలేని ముసలమ్మ ఒకతె మూటతో వీధి అరుగున నిలుచున్నదనుకొందము. ఆమె జీవితమున ఒక్కమారైనను ఏడుకొండలు చూడలేదు. కిరాయి మనిషికి కాదు, కిలోమీటరుకు. ఆమె ఎక్కినందున అది పెరుగదు. పర్మిట్టులోని సంఖ్యకు మించి ఎవరిని ఎక్కించినను తప్పే. కాని అనేక వ్యానులలో చివరి సీటుమీద కూర్చున్నవి బియ్యపు మూట, గిన్నెల బుట్ట. వానిని టాపుమీద కట్టుటకు త్రాడు కలదు.