గడ్డకట్టిన పానకం నైవేద్యమేనా?

శ్రీరామనవమినాడు విజయనగరం జిల్లా రామతీర్థంలోనూ శ్రీకాకుళం పల్లెల రామమందిరాల్లోనూ పంచే పానకం బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన నీరే. దానికి సీతంపేట కొండల అనాసముక్కలు, మామిడిరసం చేర్చి ఇంటి ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తే, అది పానకంగానే నిలుస్తుందా, మరో ద్రవ్యమవుతుందా అన్న ప్రశ్న తేలికైనది కాదు. 'తర్కసంగ్రహం' రచించిన ఆంధ్రుడు అన్నంభట్టు అనుసరించిన న్యాయవైశేషిక మతంలో ద్రవత్వం, అంటే ప్రవహించే గుణం, రెండు విధాలు: నీటిలో అది సాంసిద్ధికం, అనగా సహజం, నేతివంటి వాటిలో నైమిత్తికం, అనగా వేడి తగిలితేనే పుట్టేది. మంచూ వడగళ్ళూ గట్టిగా తోచినా నీరేననీ, వాటి ద్రవత్వం నశించలేదనీ, అదృష్టం, అంటే కంటికి కనబడని కర్మఫలం, దానిని అడ్డగించిందనీ ఆ శాస్త్రం చెబుతుంది. కారణం విషయంలో నేటి భౌతికశాస్త్రం విభేదించినా, ద్రవ్యం మారలేదన్న నిర్ణయం నిలుస్తుంది. బెల్లం కరిగిన నీరు సున్నా డిగ్రీలకంటే దిగువనే గడ్డకడుతుంది గనుకా, స్ఫటికాలు ఏర్పడేకొద్దీ మిగిలిన ద్రవంలో తీపి చిక్కబడుతుంది గనుకా, నడుమ నడుమ చెంచాతో కలిపితే పానకం రాయి కాక మెత్తని పలుకుగా మిగులుతుంది.

భక్తితో ఇచ్చిన పండునూ నీటినీ స్వీకరిస్తానని భగవద్గీత తొమ్మిదో అధ్యాయంలో భగవంతుడే అన్నందున నైవేద్యానికి ఆక్షేపణ లేదు. అయితే చల్లదనం నాలుకకు తీపిని తగ్గించి చూపుతుంది. అందువల్ల వండేవారికి రుచి చూడాలనిపిస్తుంది, అప్పుడది ఎంగిలవుతుంది. కాబట్టి దేవుడి వాటా ముందే వేరు గిన్నెలోకి తీసిపెట్టాలి.