సేద్యము జూదమగునా?

మిరప వేయుట జూదమాడుటయే యని గుంటూరు, ప్రకాశం సీమల రైతులు వేదనతో అనుచుందురు. ఆ మాటలో సత్యము కొంత కలదు. వాన తప్పిన పత్తి ఎండును. 2021లో నల్ల తామరపురుగు మిరపతోటలను తీవ్రముగ దెబ్బతీసెను. పంట చేతికి వచ్చినను, గుంటూరు యార్డు చేరునాటికి ధర పడిపోవచ్చును. అట్లయిన, ఏడాది పొడుగున పొలములో జూదమాడువాడు ఒక్క రాత్రి క్యాసినోలో ఆడిన దోషమేమి?

ఆంధ్రప్రదేశమున 1974 నాటి చట్టము జూదగృహములను నిషేధించినది. గోవాలో 1992 నాటి చట్టసవరణము పెద్ద హోటళ్లలో యంత్రజూదమునకు త్రోవ తెరచెను. నేడు పణజి వద్ద మాండవి నదిలో నిలిచిన క్యాసినో ఓడలలో తెలుగువారును కనబడుదురు. అచట దీపకాంతులు, విందు, వేదికపై పాటలు, నృత్యములు. అమెరికాలోని లాస్ వేగాస్‌లో 1966లో వెలసిన సీజర్స్ ప్యాలెస్ ప్రాచీన రోము నగరపు వేషమునే ధరించినది.

వేషము తొలగించి చూచిన లెక్క మిగులును. ఒక సున్న గల రౌలెట్ చక్రమున 37 గడులుండును. ఒక అంకెపై రూపాయి ఒడ్డి గెలిచినవానికి, తన రూపాయితో కలిపి 36 మాత్రమే వచ్చును. మిగిలిన ఆ ఒక్క గడియే యజమాని ఆదాయము. ఉచితముగ తోచు పాటకు వెల చెల్లించువాడు ఓడినవాడే.

ఇందు గాయకులను, నర్తకులను నిందింపరాదు. వారు శ్రమించి కూలి గొనుచున్నారు. వేషములు కట్టి జీవించిన బహురూపి చౌడయ్య బసవేశ్వరుని కాలపు శరణులలో ఒకడు. వినోదము పంచుటయు కాయకమే. ఆ సభలో కాయకము లేనివాడు జూదరి యొక్కడే.

రైతునకును జూదరికిని భేదమిచ్చటనే కలదు. రైతు నష్టపడినను అతని పత్తి ఎవరి మేనికో వస్త్రమగును. అతని మిరప ఎవరి కంచములోనో రుచియగును. జూదరి గెలిచినను లోకమునకు ఒక్క గింజయు అదనముగ చేకూరదు. పైగా, అతడు ఒడ్డునది తన సొమ్మేనా? అందు చెల్లింపని కౌలు కలదు, విత్తనముల అప్పు కలదు, ఇల్లాలు చేసిన కలుపు కూలి కలదు.

గెలిచినదానిలో కొంత మఠమునకు అర్పించిన శుద్ధియగునని కొందరు తలతురు. దాసోహమునకు మూలము కాయకము. పరుని నష్టమునుండి పుట్టిన ధనము అర్పణచే మారదు. అది మరియొక ఇంటి కౌలు, మరియొక ఇల్లాలి కూలి. కష్టించి నష్టపడిన రైతు రిక్తహస్తములతో వచ్చినను, జంగముని యెదుట అతడు తలవంచుకొన నక్కరలేదు.