చదువు వెల, చదువు విలువ

కోటి విద్యలు కూటికొరకే యని మన పెద్దలు చెప్పిరి. ఆ పెద్దలే, విద్య దొంగ లెత్తుకొనిపోజాలని ధనమనియు చెప్పిరి. మొదటిమాట చదువును కూటికి సాధనముగా చూచుచున్నది. రెండవమాట చదువే ధనమనుచున్నది. మనము ఈ రెండుమాటలను సందర్భమునుబట్టి వాడుకొనుచుందుము: ఇంటిలో మొదటిది, సభలో రెండవది. వీని నడుమ ఒక బాలుడు చిక్కుకొన్నప్పుడుగాని వాని వైరుధ్యము మనకు కానరాదు.

కొంతకాలము క్రిందట పెరంబూరులో మా వీథియందుండు మిత్రుడొకడు తన కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. తండ్రి షావుకారుపేటలో ఒక బట్టలకొట్టున లెక్కలు వ్రాయువాడు. కొడుకు పండ్రెండవ తరగతిలో మంచి మార్కులతో ఉత్తీర్ణుడైనవాడు. "మాస్టారూ, వీడు బి.ఏ.లో తెలుగు తీసుకుంటానంటున్నాడు. బి.కాం. చదివితే మా షావుకారే పని ఇప్పిస్తానన్నాడు. తమరు చెబితే వింటాడు" అని ఆయన యనెను. నేను బి.కాం. చదువుమనియే చెప్పితిని, తెలుగు ఇంటివద్దనైనను చదువుకొనవచ్చును గదా యంటిని. బాలుడు తలవంచుకొని విని, "ఉగాది సభలో తమరు, తెలుగు చదివేవాళ్లు కరువైపోతున్నారని చెప్పారు కదండీ. ఆ చదివేవాళ్లు ఎవరి పిల్లలు కావాలండీ?" అని యడిగెను.

ఆ మాటలో ధిక్కార మేమియు లేదు. తెలియక యడిగిన ప్రశ్న యది. నా కుమారు లిద్దరును ఇంజనీర్లు. వారు చదువు లెన్నుకొన్న దినములలో తెలుగు ప్రధానవిషయముగా తీసికొనవచ్చునను ఊహయైనను మా యింట ఎవరికిని కలుగలేదు. బాలునికి ఆనాడు నేను సమాధానము చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్ప యత్నించుచున్నాను.

మొట్టమొదట సత్యము నంగీకరింపవలెను. కళాశాలలో ఎన్నుకొన్న విషయము జీవితకాలపు ఆర్జనను గొప్పగా మార్చును. అమెరికాలో జార్జిటౌన్ విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు 2015లో ప్రకటించిన లెక్కలనుబట్టి, అత్యధికముగా ఆర్జించు పట్టభద్రులకును అత్యల్పముగా ఆర్జించువారికిని జీవితకాలమున 34 లక్షల డాలర్ల అంతరము కలదు. పెట్రోలియము ఇంజనీరింగు చదివినవారి మధ్యస్థ వార్షికార్జన 1,36,000 డాలర్లు; పసిపిల్లల విద్యాబోధన చదివినవారిది 39,000 డాలర్లు. ఇరువురును పట్టభద్రులే. చదివిన సంవత్సరములు ఇంచుమించుగా సమానమే.

దీనికి వెంటనే ఒక ఆక్షేపణ వచ్చును. ఎక్కువ ఆర్జించునది చదువా, చదివినవాడా? చురుకైనవారు, కలవారి బిడ్డలు ఒక విషయమున చేరినచో, వారి యార్జన వారి శక్తికిని కలిమికిని ఫలమేమో! ఈ సందేహమును తీర్చునట్టి సందర్భ మొకటి కాలిఫోర్నియా రాష్ట్రమున శాంతాక్రూజ్‌నందలి విశ్వవిద్యాలయములో సంభవించినది. అచ్చట 2008లో, అర్థశాస్త్రమున ప్రవేశపాఠ్యములు రెంటిలో సగటున 2.8 గుణాంకము రానివారికి ఆ విషయమును ప్రధానముగా చదువుటకు అడ్డంకి కల్పించిరి. ఆ గీటునకు కొంచెము పైనున్నవారును కొంచెము క్రిందనున్నవారును తెలివిలోగాని కుటుంబస్థితిలోగాని దాదాపు సమానులే. వీరి భవిష్యత్తును పరిశీలించి బ్లీమర్, మెహతా అను ఇరువురు పండితులు 2022లో ఫలితములను ప్రకటించిరి. గీటు దాటి అర్థశాస్త్రము చదువగల్గినవారికి, ఉద్యోగజీవితపు తొలిదినములలో, ఏటికి సుమారు 22,000 డాలర్లు, అనగా నూటికి 46 వంతులు, అధికముగా లభించినవి. ఇందులో సుమారు సగము వారు చేరిన వృత్తిరంగములవలన కలిగినదే. కాబట్టి తండ్రి భయము ఉత్తభయము కాదు. విషయమునకే ఒక ధర కలదు.

అయినను ఆ ధర స్థిరమైనదని భ్రమపడరాదు. డెమింగు, నోరే యను మరి యిరువురు 2020లో చూపినదేమనగా, ఇంజనీరింగు, కంప్యూటరు శాస్త్రము వంటివి చదివినవారికి ఇతరులకంటె లభించు అధికఫలము ఉద్యోగమున చేరిన తొలినాళ్లలోనే మిక్కుటము. మొదటి పదేండ్లలో అది సగముకంటె ఎక్కువగా తరిగిపోవును. ఆ వృత్తులలో పనిముట్లును పద్ధతులును వేగముగా మారును. నేర్చినది పాతబడును, క్రొత్తది నేర్చిన చిన్నవారు వచ్చి ప్రక్కన నిలుతురు. పదునెనిమిదవ యేట చేసిన లెక్క నలుబదవ యేట అట్లే నిలువదు.

ఇక ధర యనగా నేమి? పనిని కొనువాని యవసరము, వాని సంచిలోని సొమ్ము, ఆ పని చేయగలవారి కొరత, ఈ మూటిచేతను ధర యేర్పడును. చమురుబావి త్రవ్వించువాడు ధనికుడు. పసిబిడ్డకు అక్షరములు దిద్దించుకొనువాడు సామాన్యుడు. ఆ పంతులమ్మ చేసిన మేలు ఇరువదియేండ్ల తరువాత ఊరంతటికిని పంచబడును; అప్పుడు ఆమెకు జీతము పెంచవలెనని ఎవరికిని తోచదు. కావున తక్కువ వెల గల చదువు తక్కువ విలువ గలదని చెప్పుటకు వీలులేదు.

మన తెలుగుచదువు సంగతియు నిట్టిదే. తమిళనాడు ప్రభుత్వము 2006లో చేసిన చట్టము ననుసరించి తమిళము ఒకటవ తరగతి మొదలుకొని క్రమక్రమముగా పదవ తరగతివరకు అనివార్యమైనది. తన భాషను తన బడులలో నిలుపుకొను హక్కు ఏ రాష్ట్రమునకైనను కలదు. దానిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. కాని అట్టి చట్టముచేత ఇతరభాషల నుపాధ్యాయుల యవకాశములు కుదించుకొనిపోవుట సహజము. చట్టము వచ్చిన మరునాడు తిక్కన తక్కువ కవి కాలేదు. తిక్కనను బోధించుట కూడు పెట్టునా యను సందేహముమాత్రము పెరిగినది.

ఇట్టిచోట బాలునకు మనము చెప్పు సలహాలు రెండు విధములు. "నీ మనసునకు నచ్చినది చదువుము, ధనము దానంతట అదే వచ్చును" అనునది యొకటి. వినుటకు ఇంపైనదే కాని, పైలెక్కలు దీనిని సమర్థింపవు. ఈ సలహా నిచ్చువారు సామాన్యముగా ధనము ముందే వచ్చినవారు. "ఎక్కువ జీతము వచ్చునది చదువుము, తక్కినవి పిమ్మట చూచుకొనవచ్చును" అనునది రెండవది. నేను చెప్పినది ఇదియే. ఇది నీచమైనదని నే ననను. నేర్చుటకు శ్రమను వ్యయమును వెచ్చించిన మనుష్యుని ఆడం స్మిత్తు 1776లోనే ఖరీదైన యంత్రముతో పోల్చెను. పెట్టిన పెట్టుబడి తిరిగి రావలెనని ఆశించుట బీదయింటికి మరింత న్యాయము. చెల్లెలి పెండ్లి, తల్లి మందులు, ఇంటి అద్దె వేచియుండవు. కాని యీ సలహాను అందరును అందరికిని ఇచ్చినచో, వెల తక్కువయు విలువ ఎక్కువయు నైన చదువు లన్నియు ఒక తరములో అనాథలగును. ఒక్కొక్క యింటికి వివేకమైనది జాతికంతటికిని నష్టమగుట యిందే యున్నది.

ఈ సందర్భమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర స్మరణీయుడు. ఆయన 1817లో చెన్నపట్నమునకు వచ్చి కుంపిణీ కొలువున చేరిన ఉద్యోగి. ఆయన కూడు తెలుగువలన వచ్చినది కాదు, కొలువువలన వచ్చినది. ఆ జీతముతో కడపలో బంగళా కొని, పండితులను చేరదీసి, తాళపత్రములను సేకరించి పరిష్కరింపజేసెను. 1829లో వేమన పద్యములను అచ్చొత్తించెను. ఇందుకై అప్పులపాలు నయ్యెను. దీనినిబట్టి, ఒక విద్యచేత ఆర్జించి మరొక విద్యను సేవింపవచ్చునని మనము సంతోషింతుము. నేను ఆ బాలునకు "తెలుగు ఇంటివద్ద చదువుకొనుము" అని చెప్పినప్పుడు నా మనస్సున నున్నది ఈ మార్గమే.

కాని యిందులో సగము మాత్రమే నేను చూచితిని. బ్రౌను బంగళాలో కూర్చుండి తాళపత్రములోని పాఠభేదములను విడదీసినవారు పండితులు. వారు తీరికవేళల తెలుగు చదివినవారు కారు. జీవితమంతయు దానికే యిచ్చినవారు. వారు లేనిచో బ్రౌను జీతమంతయు కూడి ఒక్క గ్రంథమునైనను శుద్ధిచేయజాలదు. బ్రౌను జీతము లేనిచో ఆ పండితులు పూట గడుపుకొనుటయే కష్టము. వెల గల చదువు వెల లేని చదువును పోషించినది. ఆయన పండితులకు త్యాగమును గూర్చి ఉపన్యాస మియ్యలేదు, జీత మిచ్చెను.

బాలుని ప్రశ్నకు నాకు దొరకిన సమాధానము ఇదియే. ఒక చదువు బ్రతికియుండుట మనకందరికిని కావలెనని నిజముగా తలచినచో, దాని నష్టమును ఒక్క గుమాస్తా కుమారునిపై మోపి, సభలో చప్పట్లు కొట్టి యింటికి పోవుట అధర్మము. మంచి వెల గల చదువులు చదివి లాభపడినవారము మనము. ఆ లాభములో కొంత భాగము, ఆ దారి విడిచి మన భాషకై నిలిచినవారికి చెల్లవలసిన ఋణము. దీనిని దానమనుట పొరపాటు. చదువుదినములలో జీతములు, పుస్తకములు, భోజనము. చదువు ముగిసి ఉద్యోగము దొరకువరకు నెలకింత భృతి. మన సంఘమున సాయంకాలము తెలుగు బోధించువారికి పేరునకు గౌరవవేతనము కాక, కుటుంబము నడచునంతటి జీతము. ఇంత చేయగల్గిననాడు, "తెలుగు చదువుము" అని పరుల బిడ్డకు చెప్పు అర్హత మనకు కలుగును. చేయలేనినాడు ఆర్జన లెక్కలను దాచక వాని ముందుంచి, వాని నిర్ణయమును గౌరవించి, ఉపన్యాసములు మానుకొందము.

ఆ బాలుడు తండ్రిమాట విని బి.కాం.లోనే చేరినాడు. ఆదివారములు మా యింటికి వచ్చి నాయొద్ద భారతము చదువుచున్నాడు. వానికి సందేహము కలిగిన చోట్ల సగము నాకును సందేహములే. తీర్చుకొనుటకు పెరంబూరులో మాకు పండితుడు లేడు. రాబోవు సర్వసభ్యసమావేశమున ఇట్టి నిధి నొకదానిని ప్రతిపాదింపదలచి, నా పింఛనునుండి మొదటి చందాను ప్రత్యేకించియుంచితిని. ఇట్లే మరియొక తండ్రి మరియొక బాలుని వెంటబెట్టుకొని వచ్చునాటికి, నేను చెప్పవలసిన సలహా మారునో మారదో సభ్యులు నిర్ణయింతురుగాక.