అంచు మీద పేరు

పంద్రాగస్టు నాడు జనగామలో ఒక బడి వాళ్లు ముగ్గురు మాజీ హవల్దార్లను జెండా వందనానికి పిలిచారు. ఒకాయనది ఆ ఊరే. ఇంకొకాయన మానుకోటలో మిరప పండిస్తాడు. మూడో ఆయన భూపాలపల్లి గనుల దగ్గర సెక్యూరిటీ గార్డు. ముగ్గురూ గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ఒకే బ్యాచ్. 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్‌లో ఒకే ఫిరంగుల బ్యాటరీ. కోట్ల మీద మెడల్స్ చూసి పిల్లలు హోటల్ దాకా వెంటబడ్డారు.

"మీల ఎవరు పెద్ద, తాతా?"

మానుకోట ఆయన అందుకున్నాడు. "కొండెక్కి అబ్జర్వేషన్ పోస్టుల కూసున్నది నేను. గుండు యాడ పడ్డదో చూసి, ఎడమకు వంద, ముందుకు రెండొందలు అని రేడియోల నేను చెప్పకుంటే వీళ్లు ఉత్త రాళ్లను కొట్టెటోళ్లు."

"గాలెంత, చలెంత, కొండెత్తెంత, లెక్క కట్టింది నేను" అన్నాడు జనగామ ఆయన. "ఆ లెక్క లేకుంటే నీ మాట తోపుకు ఎక్కుతదా?"

తోపుల మోతకు భూపాలపల్లి ఆయన కుడిచెవి పనిచేయదు. సగమే విన్నాడు. "ఒక్కో షెల్లు 40 కిలోల పైన. లారీల నుంచి దించి మోసినం. మీ మాటలు, మీ లెక్కలు అన్నీ ఈ భుజాల మీదికెళ్లే పోయినయ్."

మూలన చాయ్ తాగుతున్న ముసలి సుబేదార్ సాబ్ లేచి వచ్చాడు. ముగ్గురి మెడల్ పట్టీలూ విప్పించి, టేబుల్ మీద కలిపేశాడు. "ఎవరివి వాళ్లు తీసుకోండ్రి."

9 ఏళ్ల సర్వీసు పతకం, 20 ఏళ్ల సర్వీసు పతకం, ఆపరేషన్ విజయ్ స్టార్... మూడు పట్టీల మీదా అవే రిబ్బన్లు, అదే వరుస. ముగ్గురూ తెల్లమొహం వేశారు. చివరికి జనగామ ఆయన కళ్లద్దాలు పెట్టుకుని గుండ్రటి పతకం అంచు తిప్పి చూస్తే నంబరు, ర్యాంకు, పేరు సన్నటి అక్షరాల్లో కనిపించాయి.

"ముంగట సర్కారు ముద్ర, పేరు అంచుకు" అన్నాడు సుబేదార్. "తోప్‌ఖానాకు జెండా ఉండది. తోపే మన జెండా. కసం తిన్ననాడు సలాం కొట్టింది దానికే. జెండానైతే ఒక్కడు మోస్తడు. తోపును?"

"ఏమన్నడు?" అని అడిగాడు భూపాలపల్లి ఆయన.

"చాయ్ చల్లారుతున్నదట" అని ఎడమచెవిలో అరిచాడు మానుకోట ఆయన.

నీతి: పదిమంది చేతుల మీద సాగిన పనిలో నా వాటా ఎంతని విడదీయబోతే పనీ మిగలదు, వాటా మిగలదు. కార్గిల్‌లో మన ఫిరంగులు రెండున్నర లక్షలకు పైగా గుళ్లు పేల్చాయి. ఏది ఎవరిదని చెప్పగలం? 2022లో ద్రాస్ దగ్గరి పాయింట్ 5140కి ‘గన్ హిల్’ అని పేరు పెట్టినప్పుడు కూడా ఏ ఒక్క గన్నర్ పేరూ పెట్టలేదు. సరైన పనే.

అయితే పై అధికారులు ఈ నీతిని సగమే చదవడం నాకిష్టం లేదు. విజయం బ్యాటరీది కావచ్చు, ఆ కుడిచెవి మాత్రం ఒక్కడిదే. మెడికల్ బోర్డు కాగితం మీద ఆయన పేరు అంచున కాదు, మొదటి గడిలోనే రాయాలి.